అమ్మాయి వెబ్‌సైట్‌కు పాతికవేలు కట్టాలా?

ఒంగోలు దగ్గర ఎరువుల దుకాణం నడుపుతున్న ఒక తండ్రి ప్రశ్న ఇది. ఆయన కుమార్తె బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరంలో ఉంది. సొంత వెబ్‌సైట్ లేనివారిని కంపెనీలు పట్టించుకోవని సీనియర్లు అంటున్నారట. ఒక శిక్షణ సంస్థ 25,000 రూపాయలకు తయారుచేసి ఇస్తామంటోంది. అమ్మాయేమో తానే చేసుకుంటానంటూ ఆరు నెలలుగా వాయిదా వేస్తోంది. "దుకాణం స్టాక్ లెక్కలకు ఏదో చిన్న ప్రోగ్రాం రాసింది తప్ప చూపించుకోవడానికి తన దగ్గర ఏమీ లేదు. మా అన్నయ్య కొడుక్కి రెండేళ్ల క్రితమే వెబ్‌సైట్ ఉంది. డబ్బు కట్టమంటారా, లింక్డ్‌ఇన్ చాలంటారా? ఆడపిల్ల వివరాలు నెట్‌లో పెట్టడం క్షేమమేనా?" అని అడుగుతున్నారు.

అయ్యా, వెబ్‌సైట్ లేదన్న కారణంతో మీ అమ్మాయికి ఉద్యోగం రాకుండా పోదు. క్యాంపస్ నియామకాలకు వచ్చే పెద్ద సంస్థలు మార్కుల అర్హత చూసి, ఆన్‌లైన్ పరీక్ష పెట్టి, అందులో నెగ్గినవారినే ఇంటర్వ్యూకు పిలుస్తాయి. వందలమందిని వడపోసే ఆ దశలో ఒక్కొక్కరి వెబ్‌సైట్ తెరిచి చదివే తీరిక ఎవరికీ ఉండదు. అది అక్కరకు వచ్చేది ఇంటర్న్‌షిప్ కోసం ఒక చిన్న సంస్థకు నేరుగా ఈమెయిల్ రాసినప్పుడు, లేదా ఇంటర్వ్యూలో "నువ్వు చేసిన పని ఒకటి చెప్పు" అని అడిగినప్పుడు. ఈ సెమిస్టర్‌లో కాక వచ్చే సెమిస్టర్‌లో చేసుకున్నా కొంపలేమీ మునగవు.

డబ్బు కట్టి చేయించే వెబ్‌సైట్ మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదని కూడా చెప్పాలి. పిల్లలు నాకు చూపించేవాటిలో చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: పైన ఒక పెద్ద ఫోటో, దాని కింద జావా ఎనభై శాతం, పైథాన్ డెబ్బై శాతం అని రంగు గీతలు, ఆ తర్వాత పాఠంలో చూసి ఎక్కించిన వాతావరణం యాప్. ఆ ఎనభై శాతం ఎవరు కొలిచారని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు? పైగా ఇలాంటి సంస్థలు కొన్ని డొమైన్ పేరును, అంటే వెబ్‌సైట్ చిరునామాను, తమ ఖాతాలోనే నమోదు చేసుకుంటాయి. మరుసటి ఏడాది పునరుద్ధరణ రుసుము ఎవరూ కట్టకపోతే ఆ పేరు గడువు తీరి పోతుంది, దాన్ని మరొకరు కొనుక్కుని జూదం ప్రకటనలు పెట్టినా మీరు చేయగలిగింది ఉండదు.

ఇక మీకు కొంచెం కష్టంగా తోచే మాట. ఆరు నెలలుగా అమ్మాయి ఎందుకు జాపుతోందో మీ ఉత్తరంలోనే ఉంది. తాను రాసిన ప్రోగ్రాంను మీరు "ఏదో చిన్నది" అన్నారు, ఆ వెంటనే పెదనాన్న కొడుకును తెచ్చి పక్కన నిలబెట్టారు. ఇంట్లోనే ఇంత తూకం వేస్తుంటే, ఊరందరూ చూసేచోట సగం చేసిన పనిని పెట్టడానికి ఏ పిల్లకైనా చెయ్యి ఎలా వస్తుంది? నా దగ్గరకు వచ్చే విద్యార్థులను ఆపేది సాంకేతికత కాదు, ఖర్చు అంతకన్నా కాదు. చూపించడానికి ఏమీ లేదన్న సిగ్గు, ఇంగ్లీషులో తప్పులు పోతాయన్న బెరుకు, పూర్తిగా కుదిరాకే పెట్టాలన్న పట్టుదల వాళ్లను ఆపుతున్నాయి. దయచేసి ఈ పోలికలు ఇవాళ్టితో మానేయండి.

నిజానికి మీరు తీసిపారేసిన ఆ ప్రోగ్రామే ఆ వెబ్‌సైట్‌కు ప్రాణం. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు; యూరియా బస్తా కూడా 2018కి ముందు 50 కిలోలే ఉండేది. పాత లెక్కలనూ కొత్త లెక్కలనూ ఒకేచోట ఎలా సరిపెట్టింది, పంట చేతికొచ్చాక తీర్చే అరువు ఖాతాను ఎలా రాసింది, మొదట ఎక్కడ తప్పింది, ఎలా దిద్దుకుంది అని నాలుగు పేరాలు సొంత మాటల్లో రాస్తే చాలు. ఇంగ్లీషు పేజీ పక్కనే తెలుగులోనూ రాసుకోవచ్చు. ప్రోగ్రాంల కోడ్ దాచుకునే గిట్‌హబ్ అనే సైట్ ఇచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో ఇలాంటి పేజీని ఉచితంగా పెట్టుకునే వీలు 2008 నుంచీ ఉంది. సొంత డొమైన్ తర్వాత ఎప్పుడైనా, తన ఈమెయిల్‌తో తానే కొనుక్కోవచ్చు. డాట్ ఇన్ పేరుకు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది.

లింక్డ్‌ఇన్ కూడా ఉండనివ్వండి, నియామకాలు చేసేవారు వెతికేది అక్కడే. అయితే అది వేరేవారి స్థలం. ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ 2014లో మూతపడి అందులోని సొంత పేజీలు పోయిన సంగతి మీ ఇంట్లో పెద్ద పిల్లలకు గుర్తుండే ఉంటుంది.

క్షేమం గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఫోటో తప్పనిసరి కాదు. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, పుట్టినతేదీ పెట్టనక్కర్లేదు. ఈ పనికని విడిగా తెరిచిన ఒక ఈమెయిల్ చాలు. రెజ్యూమెను యథాతథంగా ఎక్కించే ముందు అందులోని ఫోన్ నంబరు తీసేయమనండి. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో పేజీ పెట్టాలంటే దాని కోడ్ కూడా అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందులో దుకాణం అసలు లెక్కలు మిగలకుండా చూసుకోమనండి. దుకాణం పేరు రాయాలా వద్దా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. అరువు ఖాతాలోని రైతుల పేర్లు, బాకీలు మాత్రం పేజీలో పెట్టే ఏ చిత్రంలోనూ కనిపించకూడదు. వాటి బదులు ఊహించిన పేర్లు పెట్టమని చెప్పండి.