తమ్ముణ్ణి కొత్త మందు పరీక్షలో చేర్చవచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది తిరుపతి కొర్లగుంట. మా తమ్ముడికి 27 ఏళ్లు, స్కిజోఫ్రీనియా. ఆరేళ్లుగా రిస్పెరిడోన్ వాడుతున్నాడు. చెవిలో మాటలు వినబడటం తగ్గింది. తిరుచానూరులో పూలకొట్టుకు వెళ్లి మాలలు కడుతున్నాడు. కానీ ఒళ్లు బాగా వచ్చింది, పొద్దున పదింటిదాకా మత్తు వదలదు. బెంగళూరులో కొత్త మందుకు మొదటి దశ పరీక్షలు చేస్తున్నారనీ, చేరితే డబ్బులిస్తారనీ బంధువొకాయన చెప్పారు. అమ్మ పంపిద్దామంటోంది. ఏం చేయమంటారు?
– ఒక అక్క

జవాబు: వద్దమ్మా. మొదటి దశ పరీక్ష జబ్బు నయం చేయడానికి కాదు. మామూలుగా 20 నుంచి 100 మంది దాకా, ఎక్కువగా ఆరోగ్యవంతులకే, చాలా తక్కువ డోసుతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతూ చూస్తారు. వాంతులవుతున్నాయా, గుండె లయ మారుతోందా, రక్తంలో మందు ఎంతసేపు ఉంటోంది, ఇవే చూసేది. డబ్బు వాళ్ల సమయానికీ ఇబ్బందికీ ఇస్తారు. జబ్బు సంగతి దాచి చేర్పిద్దామని ఎవరన్నా అంటే అస్సలు ఒప్పుకోకండి. చేరడం కోసం ఉన్న మాత్ర ఆపేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పలమనేరు వైపు నుంచి ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చేవాడు. బాగున్నానని మాత్రలు ఆపేశాడు, రెండు నెలల్లో జబ్బు తిరగబెట్టింది. మింగని మాత్రల షీట్లన్నీ వాళ్ల నాన్న తువ్వాలులో మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆ మూట ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అలాగని ఈ పరీక్షలు చెడ్డవని కాదు. గ్జానోమెలిన్ మందు 1990లలోనే ఆశ పుట్టించినా, వాంతులూ కడుపు బాధలూ తెచ్చిపెట్టడంతో మూలపడింది. తర్వాత దానికి ట్రోస్పియం అనే మరో మందు జోడించి మొదట ఆరోగ్యవంతులకే ఇచ్చి చూశారు, ఆ బాధలు తగ్గాయి. 2024 సెప్టెంబరులో అమెరికాలో స్కిజోఫ్రీనియాకు అనుమతి వచ్చింది. ఆ వాలంటీర్లకు నేను దండం పెడతాను.

రేపు రోగులతో చేసే తర్వాతి దశ ఏదైనా ఎదురైతే, సీటీఆర్‌ఐ (మన దేశంలో మందుల పరీక్షలు నమోదయ్యే జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు, పాల్గొనేవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి అడగండి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు. మందు వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం పరీక్ష చేయించేవాళ్లే ఇవ్వాలి.

మీ ఉత్తరంలో అమ్మ మాట ఉంది, బంధువు మాట ఉంది, తమ్ముడి మాట లేదు. ఆ మత్తు తనకెంత కష్టంగా ఉందో తననే అడగండి. మాత్ర రాత్రి ఎన్ని గంటలకు వేస్తున్నారో, బరువెంత పెరిగిందో రాసుకుని, అతణ్ణి వెంటబెట్టుకుని ఈ వారమే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. డోసు, వేళ మార్చి చూడవచ్చు, మందే మార్చవచ్చు. షుగరు పరీక్ష కూడా చేయించండి.