సాగు ఒకరిది, సాయం మరొకరిది

ప్రశ్న: మా ఊళ్లో పొలం దున్నేది కౌలురైతు, ప్రభుత్వ సాయం అందేది పట్నంలో ఉన్న ఆసామికి. ఎందుకీ తేడా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: సాయాన్ని సాగుకు కాక పట్టాకు ముడిపెట్టడమే ఇందుకు మూలం. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు కింద పంటకు ఎకరానికి రూ.4,000, తరువాత రూ.5,000 పట్టాదారుకే అందింది. విత్తనం, ఎరువు, కూలి ఖర్చులతోపాటు కౌలు కూడా భరించే రైతుకు అందులో వాటా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టం యజమాని సంతకంతో పని లేకుండానే సాగుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వగా, 2019 చట్టం కార్డు పొందడానికి 11 నెలల ఒప్పందాన్ని, దానిపై యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. భూమిపై హక్కు పోతుందేమోనని చాలామంది ఆసాములు సంతకం పెట్టరు (నోటిమాట కౌలు పుచ్చుకోవడానికి మాత్రం ఏ భయమూ అడ్డురాదు). కార్డు లేని రైతు బ్యాంకుకు బదులు వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసి వస్తోంది.