మండీ ధరల టూల్‌కు వర్ణన రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

మార్కెట్ యార్డుల ధరలను తెచ్చిపెట్టే టూల్‌కు నువ్వు రాసిన డాక్యుమెంటేషన్‌ను శ్రద్ధగా చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే దాన్ని ఒక ప్రోగ్రామర్ చదువుతాడన్న ఊహతో రాసినట్టుంది. చదవబోయేది ఏఐ ఏజెంట్, అంటే అడిగినవారి తరఫున ఇలాంటి టూల్స్‌ను తానే వాడి జవాబు చెప్పే ప్రోగ్రామ్. ప్రోగ్రామర్‌కు అనుమానం వస్తే తోటివారిని అడుగుతాడు, ఒకసారి నడిపి చూస్తాడు, కాదంటే విసుక్కుని వదిలేస్తాడు. ఏజెంట్ చాలాసార్లు నువ్వు చెప్పకుండా వదిలిన చోటును తనకు తోచినదానితో పూరించుకుని, ఆ జవాబును రైతుకో వ్యాపారికో తడబాటు లేకుండా చెప్పేస్తుంది. కనుక టూల్ ఏమేమి చేయగలదో వివరించడానికి పెట్టిన శ్రమలో సగమైనా, అది తెచ్చే సమాచారానికి హద్దులు ఎక్కడున్నాయో చెప్పడానికి పెట్టు.

ఏఐని బయటి టూల్స్‌తో, డేటాతో కలపడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో, టూల్ గురించి ఏజెంట్‌కు ముందుగా అందేవి ప్రధానంగా పేరు, వర్ణన, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కు ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది). నువ్వు విడిగా రాసిన పరిచయ పేజీని అది తెరిచి చూస్తుందన్న భరోసా లేదు కాబట్టి, ముఖ్యమైన మాటలన్నీ వర్ణనలోనో పారామీటర్ల (టూల్‌కు ఇవ్వాల్సిన మార్కెట్, తేదీ వంటి వివరాల) వివరణలోనో ఉండి తీరాలి. అలాగని అక్కడ అంతా కుమ్మరించకూడదు. ఆ వర్ణనలు ఏజెంట్ కాంటెక్స్ట్‌లో, అంటే అది ఒకేసారి దృష్టిలో పెట్టుకోగల పరిమితమైన పాఠంలో, చోటు ఆక్రమిస్తాయి. ‘శక్తిమంతమైన’, ‘సమగ్రమైన’ వంటి విశేషణాలు తీసేస్తే కావలసిన చోటు దొరుకుతుంది. (మనుషులకు రాసేటప్పుడూ వాటితో పెద్దగా పని ఉండదనుకో.)

ఇక అసలు సంగతి. కేంద్ర ప్రభుత్వ డేటా పోర్టల్ ద్వారా అందే అగ్‌మార్క్‌నెట్ (మార్కెట్ యార్డుల ధరలను నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) ధరల్లో ఒక్కో వరుసకు రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీలతో పాటు కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (modal) ధరలు మూడూ ఉంటాయి. నీ వర్ణనలో ‘ధరను ఇస్తుంది’ అని మాత్రమే ఉంది. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అనీ, అది మిగతా రెండింటి సగటు కాదనీ రాయకపోతే, ఏజెంట్ తనంతట తానే సగటు కట్టి చెప్పవచ్చు. ధరలు క్వింటాలుకు రూపాయల్లో ఉంటాయన్న మాట కూడా లేదు. గుంటూరు ఎండుమిర్చి కిలో పన్నెండు వేలని చెబితే విన్నవారు నవ్వి ఊరుకుంటారు. ఆ అసంభవాన్ని గమనించిన ఏజెంట్ తన తెలివితో అంకెను సరిదిద్దబోతే మాత్రం తప్పును పట్టుకోవడం కష్టం. తేదీ విషయమూ అంతే. ఆ డేటాలో రోజు, నెల, సంవత్సరం అనే వరుస ఉంటుంది. 03/04/2025 ఏప్రిల్ 3 అని ఒక ఉదాహరణతో చెప్పు, లేకపోతే మార్చి 4గా చదివే అవకాశం ఉంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఖాళీ ఫలితం. యార్డుకు సెలవైనా, ఆ రోజు వివరాలు ఇంకా నమోదు కాకపోయినా, మార్కెట్ పేరు స్పెల్లింగ్ కుదరకపోయినా నీ టూల్ ఒకే ఖాళీ జాబితాను ఇస్తోంది. దాన్ని చూసి ‘ఆ రోజు కొనుగోళ్లు జరగలేదు’ అని ఏజెంట్ తేల్చేస్తే తప్పు దానిది కాదు. ఖాళీ జాబితా అంటే ‘ఈ వడపోతకు సరిపడే నమోదు దొరకలేదు’ అని మాత్రమేననీ, ముందు మార్కెట్ల జాబితా ఇచ్చే మరో టూల్‌తో పేరు సరిచూసుకోవాలనీ స్పష్టంగా రాయి. అసలు సర్వరే స్పందించకపోతే ఖాళీ జాబితా పంపడం దారుణం. అప్పుడు ఫలితాన్ని ఎర్రర్‌గా గుర్తించి, ఏం జరిగిందో, మళ్లీ ప్రయత్నించవచ్చో లేదో ఒక వాక్యంలో చెప్పమని ప్రోగ్రామర్లను పట్టుబట్టు. ఎర్రర్ సందేశమూ డాక్యుమెంటేషనే, అది నీ పనే. వచ్చిన వరుసలు మొత్తంలో కొన్నే అయినప్పుడు ఆ మాట కూడా ఫలితంలో కనిపించాలి. లేకపోతే ఏజెంట్ మొదటి పేజీనే రాష్ట్రమంతటి లెక్క అనుకుంటుంది.

ఈ టూల్‌ను ఎప్పుడు వాడకూడదో కూడా రాయి: ఇవి టోకు ధరలు, రైతు బజారు చిల్లర ధరలు కావు, మద్దతు ధరలు కావు, రేపటి ధర అంచనా అసలే కావు.

రాశాక నీ కళ్లతో చదివి సంతృప్తి పడకు. ‘నిన్న వరంగల్‌లో పత్తి ఎంత పలికింది?’, ‘తేజ రకం మిర్చికి ఖమ్మం మేలా, గుంటూరు మేలా?’ వంటి ప్రశ్నలను తెలుగులోనే ఏజెంట్‌కు ఇచ్చి, అది ఏ పారామీటర్‌లో ఏం నింపిందో చూడు. ‘నిన్న’ను ఏ తేదీగా మార్చిందో, తెలుగులో అడిగిన ఊరి పేరును డేటాలో ఉన్న ఇంగ్లీషు పేరుతో ఎలా కలిపిందో గమనిస్తే, వర్ణనలో ఏ వాక్యం లోపించిందో తెలుస్తుంది. ఆ లోపాన్ని ఇంకో పేరాతో కాక పారామీటర్ పేరు మార్చి తీర్చగలిగితే అదే మంచిది.

సవరించిన ప్రతిని, ఏజెంట్ చేసిన కాల్స్ లాగ్‌తో (అది టూల్‌ను పిలిచిన ప్రతిసారీ నమోదైన వివరాలతో) కలిపి పంపించు. ముందుగా లాగ్ చదివి, ఆ తర్వాతే నీ వర్ణన చూస్తాను.