వాహన సలహాలు: ఎత్తు పెంచిన ట్రక్కుకు వీల్ అలైన్‌మెంట్

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాను. ఈమధ్యే 2019 మోడల్ టయోటా టకోమా ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత యజమాని ముందు భాగాన్ని స్పేసర్లతో, అంటే షాక్ అబ్జార్బర్ పైన పెట్టే దిమ్మెలతో, 3 అంగుళాలు లేపించి, 33 అంగుళాల టైర్లు వేయించాడు. హైవే మీద 65 మైళ్ల వేగం దాటితే బండి నిలకడగా పోవడం లేదు. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం లేదు. అలైన్‌మెంట్‌కు తీసుకెళితే డబ్బు తీసుకొని, సగం అంకెలు ఎరుపులోనే ఉన్న కాగితాన్ని చేతికిచ్చి, "లిఫ్ట్ చేసిన బండికి ఇంతకంటే కుదరదు" అన్నారు. నిజంగానే కుదరదా?

జవాబు: వారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అలైన్‌మెంట్ యంత్రంలో ఉండేవి కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులోనే ఉన్న టకోమాకు చెందిన హద్దులు. మీ బండిని 3 అంగుళాలు లేపారన్న సంగతి ఆ యంత్రానికి తెలియదు. అందుచేత ఎరుపు కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు, అంతా ఆకుపచ్చగా కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండనూ కూడదు. మీరు చూడవలసింది రంగులను కాదు, అంకెలను; వాటిలోనూ ముందుగా కాస్టర్‌ను.

చక్రం ఏ అక్షం మీద కుడి ఎడమలకు తిరుగుతుందో, ఆ అక్షపు పై కొన వెనక్కి వాలి ఉండే కోణాన్నే కాస్టర్ అంటారు. వేగంలో హ్యాండిల్ మీద నుంచి చేతులు తీసినా సైకిల్ చాలావరకు తిన్నగా పోవడానికి, దాని ముందు ఫోర్కు అలా వెనక్కి వాలి ఉండడం కూడా ఒక కారణం. టకోమాలో ముందు భాగాన్ని లేపినప్పుడు చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కంట్రోల్ ఆర్మ్‌లు కిందికి వాలి, ఈ కోణం తగ్గిపోతుంది. మీరు చెప్పిన రెండు లక్షణాలూ, అంటే వేగంలో నిలకడ లేకపోవడమూ మలుపు తరువాత స్టీరింగు వెనక్కి రాకపోవడమూ, కాస్టర్ తక్కువైన బండి లక్షణాలే. మీ చేతికిచ్చిన కాగితంలో కాస్టర్ 1 డిగ్రీకి అటూ ఇటూగా ఉంటే నాకేమీ ఆశ్చర్యం కలగదు. పెద్ద టైర్లున్న బండికి అది 3 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలని నా అభిప్రాయం.

ఇక కుదరకపోవడానికి కారణం. టకోమాలో కింది కంట్రోల్ ఆర్మ్‌కు ముందొకటి, వెనకొకటి క్యామ్ బోల్టులు, అంటే తిప్పితే ఆర్మ్‌ను కాస్త జరిపే బోల్టులు, ఉంటాయి. రెండింటినీ ఒకే దిశలో జరిపితే చక్రం నిలువు వాలు, అంటే క్యాంబర్, మారుతుంది. ఒకదానికొకటి ఎదురు దిశలో జరిపితే కాస్టర్ మారుతుంది. రెండు పనులకూ ఉన్నవి ఆ రెండు బోల్టులే కనుక, వాటి జరుగుబాటంతా ఒక కోణాన్ని దిద్దడానికే ఖర్చయితే రెండోదానికి ఏమీ మిగలదు. కంపెనీ పై ఆర్మ్‌లను అలాగే ఉంచి రెండున్నర, 3 అంగుళాలకు మించి లేపితే సాధారణంగా ఈ చిక్కే వస్తుంది. దీనికి మందు, లిఫ్ట్ చేసిన బండ్ల కోసమే కాస్టర్ ఎక్కువ వచ్చేలా తయారుచేసిన పై కంట్రోల్ ఆర్మ్‌లను వేయించడం. స్పేసర్లు వేసి ఆర్మ్‌లను వదిలేయడం సగం పని చేసి ఊరుకోవడమే, కానీ చవక గనుక ఎక్కువమంది చేసేది అదే.

ఒక్కసారి స్పేసరు మందాన్ని కూడా కొలిపించండి. ఈ బండిలో షాక్ అబ్జార్బర్ కింది ఆర్మ్ మధ్య భాగంలో ఆనుతుంది కాబట్టి, పైన పెట్టే స్పేసరు మందానికి దాదాపు రెట్టింపు ఎత్తు చక్రం దగ్గర వస్తుంది. ఇది తెలియక 3 అంగుళాల ఎత్తు కోసం 3 అంగుళాల స్పేసరు అడిగేవారు ఉన్నారు.

మళ్లీ అలైన్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు, లిఫ్ట్ చేసిన ట్రక్కులనూ జీపులనూ రోజూ చూసే షాపును ఎంచుకోండి. బాల్ జాయింట్లలోనూ టై రాడ్ కొసల్లోనూ లూజు ఉంటే ముందు వాటిని మార్పించాలి. లూజు మీద దిద్దిన అంకెలు గేటు దాటేలోగా మారిపోతాయి. టైర్లలో గాలి సరిచూసి, మీరు నిత్యం మోసే బరువు, పెట్టెలో పనిముట్లున్నా సరే, బండిలో ఉండగానే కొలిపించండి. "ఆకుపచ్చలోకి తెండి" అని కాకుండా, "క్యాంబర్‌ను సున్నాకు దగ్గరగా ఉంచి, కాస్టర్‌ను వీలైనంత పెంచి, రెండు చక్రాలదీ కలిపి టో లోపలికి 0.1 నుంచి 0.2 డిగ్రీల మధ్య ఉంచండి" అని అడగండి. పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణమే టో. అమెరికాలో రోడ్డు కుడి అంచుకు వాలి ఉంటుంది కనుక, ఎడమ కాస్టర్‌ను కుడిదానికంటే ఒక్క పిసరు తక్కువ పెడితే బండి కుడికి జారకుండా ఉంటుంది. పనికి ముందూ తరువాతా తీసిన రెండు కొలతల కాగితాలనూ తప్పక తీసుకోండి. ఆ తరువాత స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను సున్నా చేయించాలి, హెడ్‌లైట్ల వెలుగు పడే దిశను కిందికి దించాలి. రెండోది చేయించకపోతే ఎదురుగా వచ్చేవారికి మీ బండి శత్రువు.

ప్రశ్న: నార్త్ కరోలినా నుంచి రాస్తున్నాను. నా ఫోర్డ్ ఎఫ్-250 ఫోర్ వీల్ డ్రైవ్‌కు 4 అంగుళాల లిఫ్ట్ చేయించాను. స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తోంది. గుంత తగిలితే ముందు భాగమంతా భయంకరంగా ఊగిపోతోంది. అలైన్‌మెంట్ చేయిస్తే ఇవి పోతాయా?

జవాబు: మొదటిది పోతుంది, రెండోది అలైన్‌మెంట్‌తో మాత్రమే పోతుందని ఆశపడకండి. మీ బండికి ముందు కూడా ఒకే ఇరుసు ఉంటుంది. పై టకోమాలో ఉన్నటువంటి క్యామ్ బోల్టులు దానికి ఉండవు. ఇరుసును పక్కకు కదలకుండా పట్టి ఉంచే ట్రాక్ బార్ ఒక కొస ఛాసిస్‌కూ మరో కొస ఇరుసుకూ బిగించి ఉంటుంది. ఛాసిస్‌ను పైకి లేపితే ఆ కడ్డీ వాలు పెరిగి, ఇరుసు మొత్తాన్ని ఒక పక్కకు లాగుతుంది. దానికి పొడవు మార్చుకోగల ట్రాక్ బారో, కిందికి దించే బ్రాకెట్టో కావాలి. స్టీరింగు వంకరను, స్టీరింగు కదలికను చక్రాలకు అందించే డ్రాగ్ లింక్ అనే కడ్డీ పొడవు దిద్ది సరిచేస్తారు. తగ్గిన కాస్టర్‌ను, ఇరుసును ముందు వెనకలకు కదలకుండా పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్‌ల బ్రాకెట్లతో తిరిగి తెస్తారు. మిగిలిన చిన్న తేడాలను బాల్ జాయింట్ దగ్గర వేసే ప్రత్యేకమైన బుష్షులతో దిద్దుతారు.

ఊగిపోవడాన్నే అక్కడ డెత్ వాబుల్ అంటారు. అది చాలావరకు ట్రాక్ బార్ బోల్టు, దాని బుష్షులు, బాల్ జాయింట్లు లూజు కావడం వల్ల వస్తుంది. కాస్టర్ తప్పుగా ఉండడమూ టైర్ల బ్యాలెన్స్ సరిలేకపోవడమూ దాన్ని ఇంకా పెంచుతాయి. స్టీరింగు కుదుపులను అణచే డ్యాంపర్‌ను కొత్తది వేస్తే కొన్నాళ్లు అణిగి ఉంటుంది. లూజు మాత్రం అక్కడే ఉంటుంది కనుక ఆ ఖర్చును నేను సమర్థించను. ఒకరు స్టీరింగును అటూ ఇటూ ఆడిస్తుంటే మరొకరు బండి కింద నుంచి ఒక్కొక్క జాయింటునూ పరిశీలించాలి. ఈ పని అయ్యేవరకు హైవే ఎక్కకండి. ముందు భాగాన్ని ఇంకా లేపాలన్న ఆలోచన ఉంటే, మీ రాష్ట్రంలో మార్పుల వల్ల ముందు ఫెండర్ వెనుకదానికంటే 4 అంగుళాలు, అంతకుమించి ఎత్తుగా ఉండడాన్ని 2021 డిసెంబరు 1 నుంచి నిషేధించారని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఎత్తు పెంచిన పికప్‌కు ఇక్కడ అలైన్‌మెంట్ అంటే టో మాత్రమే దిద్ది పంపేస్తున్నారు. అది చాలదా?

జవాబు: చాలదు. టో దిద్దితే టైరు అంచులు రంపపు పళ్లలా అరిగిపోవడం తగ్గుతుంది, కానీ కాస్టర్ అలాగే ఉండిపోతుంది. మూడు కోణాలూ కొలిచి ముద్రించి ఇచ్చే చోటికే వెళ్లండి. మన రోడ్ల మీద ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి, పైన చెప్పిన కాస్టర్ తేడాను ఇక్కడ కుడి వైపు తక్కువ ఉండేలా తిప్పి చెప్పుకోవాలి. అన్నిటికంటే ముందు, కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అనుమతించదు గనుక, మీరు చేయించిన మార్పు గురించి ఆర్టీఓ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ విచారించండి.