ఛాన్సెన్‌కార్టెతో జర్మనీలో ఉద్యోగ వేట: సమాధానం

ఛాన్సెన్‌కార్టె (జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే నివాస అనుమతి) ఉండి, అరవై దరఖాస్తులు పెట్టినా ఒక్క పిలుపూ రాలేదన్నారు. లోపం చదువులో కాదండీ, మీ రెజ్యూమేలో పని చేసే అనుమతి గురించి ఒక్క ముక్కా లేదు. విదేశీ పేరు చూసి కంపెనీలవాళ్లు, వీసా తతంగం మనకెందుకని పక్కన పడేస్తుంటారు. పేరు కిందే "ఛాన్సెన్‌కార్టె, ఫలానా తేదీ వరకు" అనీ, జర్మన్ భాషలో మీ స్థాయి ఎంతో కూడా రాయండి.

ఆ కార్డుమీద వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేయొచ్చు. ఒక్కో యజమాని దగ్గర రెండు వారాల దాకా పనిచేసి చూపించొచ్చు కూడా. ఈ సంగతి చిన్న కంపెనీలకు తెలియకపోవచ్చు, కవర్ లెటర్‌లో మీరే ఎత్తండి.

తర్వాత ఉద్యోగం దొరికి బ్లూకార్డుకు (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మారాలంటే సాధారణంగా మీ డిగ్రీ జర్మన్ డిగ్రీకి సమానమని చూపాలి. విదేశీ చదువుల వివరాలుండే జర్మన్ డేటాబేస్ అనాబిన్‌లో కాలేజీకి హెచ్‌ప్లస్ (గుర్తింపు ఉందన్న గుర్తు) ఉంటే సరిపోదు, డిగ్రీ కూడా సమానమని ఉండాలి. లేకుంటే విదేశీ డిగ్రీలను పరిశీలించే జర్మన్ కార్యాలయం జడ్‌ఏబీ ఇచ్చే సమానత పత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఆఫర్ వచ్చాక మొదలుపెడితే ఆ ఆఫర్ మీ కోసం ఆగదు.