ఇంజను ఆఖర్న కొందాం, అల్లుడూ

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

తాతగారి మారుతి 800ని రేసు బండి చేస్తానంటూ నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు మూడుసార్లు చదివాను. మారుతి ఎస్టీమ్ కారు ఇంజను 40 వేలు, అల్లాయ్ చక్రాలు 16 వేలు, మోత సైలెన్సరు 9 వేలు, బానెట్ మీద గీతల స్టిక్కరు 2 వేలు. మొత్తం 67. నీ దగ్గరున్నది 80. మిగిలిన 13 వేల పక్కన 'బ్రేకులు, ఇతరత్రా' అని రాశావు. ఈ ఉత్తరం ఆ ఇతరత్రా గురించే. ఫోన్లో చెబితే 'ఊఁ మావయ్యా, ఊఁ మావయ్యా' అంటూ పెట్టేస్తావు. కాగితం మీదైతే రెండోసారి చదువుతావని ఆశ.

ముందు ఒక సంగతి. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, 'నాన్న కారుని వీడు ముక్కలు చేసేస్తానంటున్నాడు, నువ్వైనా చెప్పు అన్నయ్యా' అని ఏడ్చింది. చెయ్యనీ అన్నాను. షెడ్డులో ఎలకలు గూడు పెట్టుకునే కారు కంటే కుర్రాడి చేతిలో విప్పిన కారే నయం. కాబట్టి నేను నీ పక్షమే. ఆ ధైర్యంతోనే తిడతాను, కోపగించుకోకు.

నీ కోరిక నాకు తెలుసురా. తాతగారిది కార్బరేటర్ 800. 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభై గుర్రాల బలం (హార్స్‌పవర్) కూడా లేదు. అదే కంపెనీ ఎస్టీమ్‌లో 1298 సీసీ, నాలుగు సిలిండర్లు. కార్బరేటర్‌దైతే 65, కంప్యూటరు లెక్కన పెట్రోలు చిమ్మే పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐదైతే 85 గుర్రాలు. ఆరున్నర క్వింటాళ్ళ బండికి 85 గుర్రాలంటే దాన్ని పట్టుకోవడం ఎవరి తరం? ఇది జరగని పనీ కాదు. దక్షిణాదిన మట్టి ట్రాకుల మీద ఈ జోడీని ఎప్పటినుంచో పరిగెత్తిస్తున్నారు. ఇంజను పడుతుందా అన్నది నా ప్రశ్న కాదు. పడుతుంది. బ్యాటరీని చోటు మార్చాలి, రేడియేటరుని జరపాలి, అయినా పడుతుంది.

నా మొదటి ప్రశ్న, నువ్వు ఏ పోటీలో దిగుతావు? ఆటోక్రాస్‌లో, అంటే మట్టి ట్రాకు పోటీల్లో, బళ్ళని సీసీని బట్టి తరగతులుగా విడదీస్తారు. 800 ఇంజనుతో దిగితే నీ పక్కన నీలాంటి 800లే ఉంటాయి. 1298 పెట్టావంటే పెద్దవాళ్ళ పందిరిలోకి వెళ్ళి కూర్చున్నట్టే. అక్కడ ఏళ్ళ తరబడి అదే బండిని సానబెట్టినవాళ్ళుంటారు. పైగా ఒక్కో పోటీలో ఇంజను మార్చిన బండిని అసలు రానివ్వరు, లేదా మార్పులు చేసిన బళ్ళ తరగతిలోకే పంపిస్తారు. ప్రతి పోటీకీ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అని ఆ పోటీ నియమాల కాగితం ఒకటి వేస్తారు. ఇంజనుకి బయానా ఇచ్చే ముందు దాన్ని తెప్పించుకుని చదువు. మన దేశపు మోటారు పోటీల సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు సంగతీ అందులోనే ఉంటుంది.

రోడ్డు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నీకు ఇంకా పద్దెనిమిది నిండలేదు. నువ్వు రోడ్డెక్కి దొరికితే 2019 సవరణ తరవాత శిక్ష మీ నాన్నకి: 25 వేల జరిమానా, మూడేళ్ళ వరకూ జైలు. అది కాక, ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు ఒకటి, బండిలో ఉన్నది ఇంకొకటి అయితే, ఆర్టీఓ అనుమతి లేకుండా అది రోడ్డు మీద తిరగకూడదు. ఇంజను మార్చాక ఆ ఓఆర్-07 బండి ట్రాకుకి డాలా బండి (సామాను మోసే చిన్న లారీ) మీదే వెళ్తుంది, డాలా బండి మీదే వస్తుంది. పక్కనున్న పాతపట్నం దాకా 'ఒక్కసారి' కూడా లేదు.

ఇక బ్రేకులు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. ఇది నీ ప్లస్ టూ ఫిజిక్సు పుస్తకంలో ఉన్నదే, నా సొంత కవిత్వం కాదు. తాతగారి కారుకి కాలి ఒత్తిడిని పెంచే బ్రేకు బూస్టరు లేదు, చక్రాలు పన్నెండు అంగుళాలు. ఆయన దానిమీద గుడికీ బజారుకీ వెళ్ళొచ్చేవారు. ఇప్పుడే, పాత ఇంజనుతోనే, ముందు ప్యాడ్లు, వెనక లైనర్లు, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేసెయ్. బ్రేకు ఆయిలు మొత్తం మార్చి గొట్టాల్లో గాలి తీసెయ్. తరవాత దాత బండి, అంటే ఇంజను కోసం కొనే ఎస్టీమ్, దొరికినప్పుడు దాని ముందు హబ్బులు, డిస్కులు, ప్యాడ్లని నొక్కే కాలిపర్లు, మాస్టర్ సిలిండరు, బూస్టరు అన్నీ కలిపే తీసుకుందాం. అవి 800 స్ట్రట్‌కి (ముందు చక్రాన్ని పట్టే సస్పెన్షన్ కాలుకి) ఎలా కూర్చుంటాయో కొలిచాకే చక్రాల మాట. నువ్వు ముందే అల్లాయ్‌లు కొనేస్తే కాలిపరు వాటికి తగిలి కూర్చుంటావు. పదహారు వేలు గోడకి తగిలించిన అందం అవుతుంది.

ఇంజను కొనే విద్య ఇంకోటుంది. ఇనప సామాను కొట్లో నేలమీద పడున్న ఇంజనుని ఎప్పుడూ కొనకు. 'భయ్యా, బండిలోంచి నిన్ననే దింపాం, వెన్నలా ఉంది' అంటాడు. వెన్నో వేపనూనో స్టార్ట్ చేస్తే కదా తెలిసేది! గుద్దుకున్న బండి మొత్తంగా దొరికితే అదే చవక. ముందు భాగం బాగుండి, వెనకనుంచి దెబ్బ తిన్నది చూడాలి. ఇంజను, గేరుబాక్సు, రెండు యాక్సిళ్ళు, వైరింగ్, ఈసీఎం (ఇంజను కంప్యూటరు), రేడియేటరు, ఫ్యాను, పెట్రోలు పంపు, కేబుళ్ళు, ఇంజనుని బండికి పట్టి ఉంచే ఫౌండేషన్ల రబ్బర్లతో సహా నీ కళ్ళముందు దిగాలి. 800 గేరుబాక్సు ఆ ఇంజనుకి అతకదు, రెండూ వేరే కుటుంబాలు. జెన్ గేరుబాక్సు అతుకుతుంది, ఎందుకంటే జెన్ 993 సీసీ ఇంజనూ ఎస్టీమ్ ఇంజనూ అన్నదమ్ములు.

బండి దగ్గరికి వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉంటే నువ్వు వచ్చేముందే తిప్పి ఉంచాడన్నమాట, చల్లారేదాకా టీ తాగు. చల్లగా స్టార్ట్ చేయించు. ఆయిలు మూత తీసి చూడు. కాఫీ మీద మీగడలాంటిది మూతకి అంటుకుని ఉంటే హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు ఆయిల్లో కలిశాయని అనుమానమే. ఇంజను నడుస్తుండగా మూత తీసినప్పుడు పొగ గుప్పుగుప్పుమని కొడితే బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్లు అరిగి బోరుకి వచ్చేసింది. వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి గేజీతో కంప్రెషన్ చూడాలి. నాలుగూ 170 పీఎస్ఐ పైన ఉండాలి, ఒకదానికొకటి 15 కంటే తేడా ఉండకూడదు. ఒకటి తక్కువొస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూడు. పెరిగితే రింగులు పోయాయి, పెరక్కపోతే వాల్వులు. గేజీ నా దగ్గరుంది, ఎవర్నీ అడక్కు.

కాగితాలు మరవకు. మనది ఒడిశా, ఆంధ్రా సరిహద్దు. అటు దొంగిలించింది ఇటు, ఇటు దొంగిలించింది అటు అమ్ముడుపోతుంది. ఆ బండి ఆర్సీ జిరాక్సు, ఇంజను నంబరు వేసిన అమ్మకం కాగితం లేకుండా ఒక్క బోల్టు తేకు. బ్లాకు మీద నంబరు గీకినట్టు కనిపిస్తే మారుమాట్లాడకుండా వచ్చెయ్.

ఎంపీఎఫ్ఐయా, కార్బరేటరా? నీ వయసులో అయితే నేను 85 గుర్రాలే అనేవాణ్ణి. ఇప్పుడు 65 అంటాను. కార్బరేటర్ దానికి నాలుగు తీగలు చాలు, చెడితే ట్రాకు పక్కనే స్క్రూడ్రైవరుతో సరిచేసుకుంటావు. ఎంపీఎఫ్ఐకి వైరింగ్ ఒక్కచోట కత్తిరించావంటే ఆరు నెలలు దయ్యం పట్టినట్టు వెతుక్కోవాలి.

ఇప్పుడు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మీ అమ్మకి చదివి వినిపించకు. 2003లో నేనూ ఒక 800లో ఎస్టీమ్ ఇంజను పెట్టాను. ముందు ఫౌండేషన్‌కి చేతికి దొరికిన యాంగిల్ ముక్క తీసుకుని నేనే వెల్డింగ్ కొట్టాను. సంక్రాంతి వెళ్ళాక, కోతలైపోయిన పొలంలో ట్రయల్. రెండుసార్లు బాగానే లాగింది. మూడోసారి క్లచ్ వదిలేసరికి టప్పుమని ఆ వెల్డింగ్ ఊడింది. ముందు చక్రాలు లాగే ఇలాంటి బండిలో ఇంజను అడ్డంగా ఉంటుంది కదా, గట్టిగా లాగినప్పుడు వెనక్కి ఒరుగుతుంది, ముందు ఫౌండేషన్ పైకి లేస్తుంది. పట్టే దిక్కు లేక ఇంజను మొత్తం వెనక్కి వాలింది. వాలుతూ యాక్సిలరేటరు కేబుల్ని లాగేసింది. కాలు తీసేసినా బండి ఆగదే! ఇంకా పెరుగుతోంది. అది పెరిగేకొద్దీ ఇంజను ఇంకా వాలుతుంది, వాలేకొద్దీ కేబుల్ ఇంకా బిగుస్తుంది. గట్టు మీద గేదె ఒకటి నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. తాళం తిప్పాలన్న బుద్ధి అప్పుడు పుట్టింది. ముక్కు గట్టులో దిగబడింది, రేడియేటరు చిల్లు. గేదె కదల్లేదు.

అందుకని ఫౌండేషన్ల దగ్గర పిసినారితనం వద్దు. దాత బండి రబ్బర్లే వాడదాం. బ్రాకెట్లు ఆరు మిల్లీమీటర్ల ప్లేటుతో, మూలల్లో ముక్కోణం అడ్డుపట్టీలు వేసి చేయిద్దాం. రేకుకి ఉత్త వెల్డింగ్ కాదు, వెనక ఇంకో ప్లేటు పెట్టి బోల్టు ఆరపార దిగాలి. ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య కొంచెం వదులుగా ఒక గొలుసు, కేబుల్‌కి ఆ ఊగుడుకి సరిపడా వంపు, థ్రాటిల్‌కి రిటర్న్ స్ప్రింగులు రెండు. ఈ పని తొందరపడితే కుదరదు. మన పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని రా. ఆకురాయితో ఎంతసేపు రుద్దుతారో, ఎన్నిసార్లు కంటికి ఎదురుగా పట్టి చూస్తారో గమనించు. అట్టముక్కతో నమూనా కత్తిరించి, పెట్టి, తీసి, మళ్ళీ కత్తిరించి, అప్పుడు ఇనుము.

యాక్సిళ్ళ పొడవు చాలకపోతే కోసి అతికిస్తానంటారు మిస్త్రీలు. వద్దు. అతికిన యాక్సిల్ ఎప్పుడు విరగాలో అదే నిర్ణయించుకుంటుంది.

ఇంజను బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ముందు వెనక ఆయిల్ సీళ్ళు, క్లచ్ ప్లేటు కొత్తవి. 'ప్లేటు ఇంకా ఉంది మావయ్యా' అంటావు. ఉంటుంది, ఇంజను ఎక్కించి బిగించిన మర్నాటిదాకా.

రేడియేటరు ఎస్టీమ్‌దే, ఫ్యాను కూడా దానిదే. మూడు సిలిండర్ల రేడియేటరు మన వేసవిలో దాన్ని చల్లార్చలేదు. బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియం, ఒక్కసారి మరిగిందంటే హెడ్డు వంగుతుంది. మనవైపు ఎండాకాలం రాగానే థర్మోస్టాట్ వాల్వు పీకి పారేసే అలవాటొకటుంది. అది పీకితే ఇంజను సరైన వేడికే రాదు, పెట్రోలు తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొత్తది వెయ్. బోరు నీళ్ళు కాదు, కూలెంట్ పొయ్.

లోపల కేజ్, అంటే బండి తిరగబడినా నిన్ను కాపాడే పైపుల చట్రం, దాని గురించి నీ లిస్టులో అక్షరం లేదు. మన వీధిలో కుళాయి పైపులతో చేసిచ్చేవాళ్ళున్నారు, బండి తిరగబడితే అవి మడతపడి నీ మీదికే వస్తాయి. అతుకు లేని సీడీఎస్ పైపు కావాలి. ఎఫ్ఐఏ నిబంధనల్లో మెయిన్ హూప్‌కి (సీటు వెనక పెద్ద వంపు పైపుకి) 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదా 50 వ్యాసం, 2 మందం. నాలుగు పట్టీల బెల్టు, హెల్మెట్, చేతికందేచోట మంటలార్పే రెండు కేజీల పొడి సిలిండరు.

ఇవన్నీ, ఇంజనూ కలిపితే 80 వేలు చాలవు. తెలుసు. అందుకే నా లెక్క ఇది. ఈ ఏడు బ్రేకులు, షాకబ్జర్లు, టైర్లు, కేజ్, బెల్టు. బండి తాతగారి 796తోనే, నీ వయసుకి ఒప్పుకునే పోటీ దొరికితే 800ల తరగతిలో. ఓడిపోతావు, పర్వాలేదు. బలం లేని బండిలో మూల తిరుగుతూ వేగం పోగొట్టుకోకుండా నడపడం వస్తుంది, అది 85 గుర్రాలు నేర్పవు. వచ్చే ఏడాదికి పద్దెనిమిది నిండుతాయి, అప్పుడు ఇంజను. గుద్దుడు బండి కోసం పలాస, విశాఖ ఆటోనగర్ నేను వెతుకుతూ ఉంటాను. దింపడం ఎక్కించడం కూలి నాది, ఇంజను ఎత్తే చైన్ బ్లాక్ నాది. నీ 40 వేలు పోస్టాఫీసులో పడి ఉంటే దానికేం నష్టం లేదు.

ఆదివారం గుణుపూర్ రైలెక్కి వస్తున్నాను. నేను వచ్చేదాకా నాలుగు చక్రాల నట్లూ వదులు చేసి ఉంచు, విప్పకు. జాకీ ఒక్కటే పెట్టి కిందికి దూరకు. ఇటుకలు అసలు పెట్టకు, అవి చెప్పకుండా పగులుతాయి. సామిల్లులో సాలు కర్ర దిమ్మలు నాలుగు, అడుగు పొడవువి, కోయించి ఉంచు. బ్రేకు గొట్టాల యూనియన్లు తుప్పు పట్టి ఉంటాయి, ఇవ్వాళ్టినుంచే రోజూ రాత్రి రెండు చుక్కలు కిరసనాయిలు వెయ్యి. ఎలకల గూడు మాత్రం నువ్వే తియ్యి, నాకు భయం.

మీ అమ్మతో చెప్పు, నాకు చద్దన్నం, వడియాలు నలిపిన బడి చూరా చాలు, కోడి కొయ్యొద్దని.

ఆ గీతల స్టిక్కరు మాత్రం కొనుక్కో. రెండు వేలేగా.

మీ మావయ్య,
బరంపురం