కాలనీలో కల్లు దుకాణం తీసేయాలని సంతకాలు అడుగుతున్నారు, పెట్టాలా?

మీరు అడిగింది ఇది: మీ కాలనీ చివర ముప్పై ఏళ్ళ నుంచి ఉన్న కల్లు దుకాణాన్ని ఎత్తేయాలని సంతకాలు సేకరిస్తున్నారు, మీ నాన్న రోజూ అక్కడికే వెళ్తాడు, సంతకం పెట్టాలా వద్దా, ఇలా మూతపడిన చోట ఏం జరిగింది అని.

మా దగ్గర మూతపడింది. మూయించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2018 వేసవిలో కాలనీ పెద్దమనిషి కాగితం పట్టుకుని నా షాపుకొచ్చినప్పుడు బోరు మోటారుకు వైండింగ్ చేస్తున్నాను, చేతులనిండా వార్నిష్. "నువ్వు పెట్టకపోయినా ఇది ఆగది, పేరు మాత్రం రాయి" అన్నాడు. రాశాను. ఇరవై ఏడో నంబరు నాది. ఆ సాయంత్రం మా నాయిన అదే దుకాణం నుంచి తువ్వాల భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఆయన మొహం చూడకుండా అన్నం తిన్నాను.

మాది నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు. నా చిన్నప్పుడు అటంతా తాళ్ళు, అంటే తాటి చెట్లు, పల్లి చేన్లు, అక్కడక్కడ బత్తాయి తోటలు. దుకాణమంటే పెద్దగా ఏమీ లేదు. రెండు రేకుల షెడ్లు, మధ్యలో వేపచెట్టు, చెట్టు చుట్టూ నాపరాళ్ళ అరుగు. గోడకు అవతలి పక్క ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఇది చాలామందికి గుర్తుండదు. నాట్లకు పోయొచ్చిన కూలీలు, తట్టలు మోసే అవ్వలు ఒక సీసా తాగి, నడుం కాసేపు వాల్చి, చీకటి పడకముందే వెళ్ళిపోయేవాళ్ళు. గేటు దగ్గర ఒకామె బొబ్బెర గుడాలు అమ్మేది. పేపరు పొట్లంలో వేసి, ఉల్లిగడ్డ తరిగి, కొంచెం కారం చల్లి ఇచ్చేది. మమ్మల్ని, అంటే పిల్లల్ని, ఆ గుడాల కోసమే లోపలికి పంపేవారు.

మా నాయిన రైస్ మిల్లులో హమాలీ. సాయంత్రం ఆరున్నరకు వేపచెట్టు కింద ఎడమ పక్క అరుగు మీద ఆయన చోటు. వేరేవాడు కూర్చుని ఉంటే ఏమీ అనడు, నిలబడి ఉంటాడు, వాడే లేస్తాడు. సీసా అందుకున్నాక మొదట నాలుగు చుక్కలు నేల మీద వదిలి "తల్లీ ఎల్లమ్మా" అనేవాడు. ఆ తర్వాతే నోట్లోకి. రెండు సీసాలు, అంతే. మూడోది తాగడం నేను చూడలేదు.

ఇంకో సంగతి, నాకు ఆలస్యంగా అర్థమైంది. నా షాపుకు గిరాకీలో సగం ఆ అరుగు మీద నుంచే వచ్చేది. "ఫలానావాళ్ళ మోటారు కాలిందట, పొద్దున తెస్తరు" అని నాయిన రాత్రి చెప్పేవాడు, పొద్దున ఆ మోటారు నా షాపు ముందు దిగేది. కూలీ ఎవరికి కావాలి, ఎద్దు ఎవరు అమ్ముతున్నారు, ఎవరి పిల్లకు సంబంధం చూస్తున్నారు, అన్నీ అక్కడే తేలేవి. దుకాణం బందయ్యాక నేను బోర్డు పెద్దది చేయించాను, కరపత్రాలు పంచాను. ఆ నాయిన మాట లాగా ఏదీ పనిచేయలేదు.

ఇదంతా చదివి నేను కల్లు దుకాణాన్ని గుడిని చేస్తున్నానని అనుకోకండి. సంతకం ఊరికే పెట్టలేదు. స్కూలు బస్సు ఆగే చోట పొద్దున పదకొండింటికే మనుషులు పడి ఉండేవాళ్ళు. మా చెల్లె ఆ దారిన ట్యూషన్‌కు వెళ్ళడం మానేసింది. చివరి ఐదారేళ్ళలో అక్కడ తాగినవాళ్ళ మత్తు వేరేగా ఉండేది. తాటికల్లు తాగినవాడు మాట్లాడతాడు, పాడతాడు, మహా అయితే కొట్లాడతాడు. వీళ్ళు మాట్లాడేవాళ్ళు కాదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయేవాడు.

ఎందుకో లెక్క వేస్తే తెలిసేది, మేం వేయలేదు. బైపాస్ మాట మొదలైనప్పటి నుంచి తాళ్ళ కింద భూములన్నీ ప్లాట్లయ్యాయి. తాటి చెట్టు గీతకు రావాలంటే పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది, జేసీబీకి పది నిమిషాలు చాలు. కల్లు గీసే గౌడన్నల పిల్లలు చెట్టెక్కే మోకు, ముస్తాదు ముట్టడం లేదు. ఎందుకు ముడతారు? చెట్టు మీద నుంచి పడి నడుం విరిగినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. కాటమయ్య రక్షణ కవచం పేరుతో ప్రభుత్వం ఎక్కేటప్పుడు జారకుండా ఆపే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది 2024లో, అప్పటికి మా దగ్గర ఎక్కేవాళ్ళే ఇద్దరు ముగ్గురు మిగిలారు. దుకాణం నడిపే గీత కార్మికుల సొసైటీ కాగితాల్లో చెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. సొసైటీ వాళ్ళు దుకాణాన్ని ఒకతనికి గుత్తకిచ్చి పక్కకు తప్పుకున్నారు. నేల మీద చెట్లు తగ్గుతున్నాయి, దుకాణంలో సీసాలు పెరుగుతున్నాయి. మరి ఆ కల్లు ఎక్కడిది?

నీళ్ళు, చక్కెర బదులు శాకరిన్, మత్తుకు గోళీల పొడి. అల్ప్రాజోలం అంటారు. ఆందోళనకు, నిద్రకు డాక్టర్లు చీటీ రాసి మిల్లీగ్రాముల్లో ఇచ్చే మందు అది. కల్తీకి వాడే వాటిలో క్లోరల్ హైడ్రేట్, డైజెపాం కూడా ఉంటాయి. గిన్నెలో పిండి కలిపినట్టు చేత్తో కలిపితే ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు, చాలామంది కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రుల్లో చేరారు. ఆ వార్త చూసినప్పుడు మా అరుగు మీద ఒరిగిపోయిన మనుషులే గుర్తొచ్చారు.

సరే, మూతపడింది. ఒకరోజు పొద్దున గేటుకు తాళం. కాలనీలో మిఠాయి పంచారు, నేనూ తిన్నాను.

మూడో రోజు నుంచి అసలు కథ మొదలైంది. నాయినకు చేతులు వణకడం. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే. నిద్ర లేదు. నాలుగో రాత్రి లేచి, ఎప్పుడో చనిపోయిన తమ్ముడితో మాట్లాడుతున్నాడు, "బండి మలుపురా, బస్తాలు తడుస్తయి" అని. ముసలితనం అనుకున్నాను. పక్క వీధిలో ఒకాయనకు ఫిట్స్ వచ్చాయని తెలిశాక భయమేసింది. జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు నాడి కూడా చూడకుండా అడిగిన మొదటి ప్రశ్న "కల్లు తాగుతడా? ఎక్కడ?" అని. 2015లో కల్తీ మీద దాడులు గట్టిగా జరిగినప్పుడు నిజామాబాద్ వైపు, మన మహబూబ్‌నగర్ వైపు ఇలాగే పిచ్చిగా ప్రవర్తిస్తూ జనం ఆస్పత్రులకు వచ్చారని ఆయనే చెప్పాడు. మందు గోళీకి అలవాటుపడ్డ ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే ఇలా అవుతుందట. అదే జాతి గోళీని చీటీ మీద రాసి, రోజుకింత అని తగ్గించుకుంటూ రమ్మన్నాడు. నెలన్నర పట్టింది. రోజుకు రెండే సీసాలు తాగే మనిషి, ముప్పై ఏళ్ళు మర్యాదగా తాగిన మనిషి! తాను తాగుతున్నది కల్లు కాదని ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

అందుకే మీకు మొదట చెప్పేది సంతకం గురించి కాదు. మీ దగ్గర దుకాణం రేపు మూసినా, ఎల్లుండి మూసినా, మీ నాన్నను ముందే డాక్టరుకు చూపించండి. వణుకు, చెమటలు, నిద్రలేమి, ఎవరితోనో మాట్లాడడం కనిపిస్తే గాలి సోకిందని తాయెత్తులకు తిప్పకండి. అవతలి ఊళ్ళో ఇంకా అమ్ముతున్నారట కదా అని ఒక సీసా తెచ్చి కూడా పోయకండి.

తర్వాత ఏమైందంటారా? తాగేవాళ్ళు తాగుతూనే ఉన్నారు. అర కిలోమీటరు అవతల వైన్స్ ఉంది, పక్కనే పర్మిట్ రూం. కల్లు సీసా ఇరవై రూపాయలుండేది, అక్కడ క్వార్టర్‌కు దానికి నాలుగైదింతలు. నాయిన ఒకసారి వెళ్ళొచ్చాడు. ప్లాస్టిక్ గ్లాసులు పట్టుకుని నిలబడి తాగే పోరగాళ్ళ మధ్య ఆయనకు కూర్చోవడానికి చోటు లేదు. "ఆడ ఎవ్వరు ఎవ్వర్ని పలకరియ్యరు" అన్నాడు. తర్వాత సాయంత్రాలు కాలువ మీది కల్వర్టు గోడపై కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో నలుగురు వచ్చేవాళ్ళు. తర్వాత ఇద్దరు. ఆఖరికి ఆయనొక్కడే కూర్చుని లారీలు లెక్కపెట్టేవాడు. ఆడవాళ్ళ సంగతి ఎవరూ అడగనే లేదు, వైన్స్ ముందు నిలబడే అవ్వను మీరెక్కడైనా చూశారా? గుడాలామె రెండు నెలలు బస్టాండ్ దగ్గర ప్రయత్నించి, కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. దుకాణం జాగాలో ఇప్పుడు ఆరు మడిగెలు. ఒకదాంట్లో బిర్యానీ పాయింట్, రెండు ఖాళీ. వేపచెట్టు కొట్టేశారు.

మళ్ళీ తెరిస్తే పోదా అని కొందరంటారు. 1993లో సారా బందైంది, 1995లో మందు మొత్తం బందైంది, కల్లు మాత్రం మిగిలింది అని నాయిన గర్వంగా చెప్పుకునేవాడు. హైదరాబాద్‌లో 2004లో మూసేసిన కల్లు దుకాణాలను 2014లో మళ్ళీ తెరిచారు. లైసెన్సు ఒక్క జీవోతో వస్తుంది. చెట్టు రాదు.

ఇక సంతకం. మీ దుకాణానికి రేపు పొద్దున ఆరింటికి వెళ్ళి గేటు దగ్గర నిలబడండి. సైకిళ్ళ మీద, బండ్ల మీద లొట్లు, అంటే చెట్టు నుంచి దింపిన కల్లు కుండలు, వస్తున్నాయా, ఆటోలో ప్లాస్టిక్ డ్రమ్ములు దిగుతున్నాయా చూడండి. సొసైటీకి ఎన్ని చెట్లున్నాయో ఎక్సైజ్ ఆఫీసులో అడగండి, తర్వాత ఆ చెట్లను కంటితో చూసిరండి. లొట్లు వస్తుంటే నేనైతే సంతకం పెట్టను. స్కూలు టైములో అమ్మొద్దని, రోడ్డు వైపు గోడ కట్టమని, శాంపిల్ తీసి పరీక్షకు పంపమని వేరే కాగితం రాస్తాను, దాని మీద మొదటి సంతకం నాదే. డ్రమ్ములు దిగుతుంటే మూయించండి, మొహమాటపడకండి. కాకపోతే మీ నాన్నకు ముందు చెప్పి పెట్టండి. నేను చెప్పలేదు. ఇరవై ఏడో నంబరు సంగతి ఆయనకు చివరి దాకా తెలియదు, లేదా తెలిసీ అడగలేదు.

ఆయన 2022లో పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టాలి. మాంసం, అన్నం వండారు, కల్లు కావాలి. మా చిన్నప్పుడైతే పిల్లవాణ్ణి పంపితే ఐదు నిమిషాల్లో వచ్చేది. ఆ రోజు బైకు మీద పద్దెనిమిది కిలోమీటర్లు పోయాను. తాళ్ళు మిగిలిన ఒక చిన్న ఊరు, పేరు చెప్పను, మీరంతా అక్కడికే పోతారు. గౌడన్న అప్పుడే చెట్టు దిగాడు. ఛాతీ మీద తాడు ఒరుసుకున్న నల్లటి మచ్చలు, అరికాళ్ళు మానులాగా ఉన్నాయి. లొట్టిలో నుంచి నా ఐదు లీటర్ల డబ్బాలోకి వంచుతుంటే నురగ పైకి పొంగింది, రెండు తేనెటీగలు తేలుతున్నాయి. డబ్బులు తీసుకోలేదు, చావు పనికి తీసుకోనన్నాడు. "మూత గట్టిగ పెట్టకు బిడ్డా" అన్నాడు. సరే అని తలూపాను. దారిలో ఒలుకుతుందని నాలుగు కిలోమీటర్లు దాటాక ఆగి గట్టిగా బిగించాను.

ఎండ. డబ్బా ట్యాంకు మీద, నా కాళ్ళ మధ్య. పానగల్ దాటుతుంటే టైరు పగిలినంత చప్పుడు. మూత ఎగిరి రోడ్డు అవతల పడింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా కల్లు, పులిసిన వాసన, కళ్ళలో నురగ. వెనకాల వస్తున్న పాలవాడు బండి ఆపి నవ్వాడు, తర్వాత నా గుండు చూసి నవ్వు ఆపేశాడు. దుకాణం నుంచి సీసాలకు సీసాలు ఇంటికి తెచ్చేవాళ్ళం, బిరడా కొట్టి అలమారలో రెండు రోజులు ఉంచినా చప్పుడు చేసేవి కావు.

ఇంటికి చేరేసరికి డబ్బాలో సగమే మిగిలింది. మా కాక, అంటే నాయిన బాబాయి కొడుకు, కల్వర్టు మీద మొదట్లో కూర్చున్న ఆ నలుగురిలో ఒకడు, దాన్ని తాటాకు రేకలో వంచాడు. ముందు నాలుగు చుక్కలు నేలకు వదిలాడు. వాసన చూశాడు, ఒక గుక్క మింగాడు, పులుపుకు ఒక కన్ను మూసుకున్నాడు.

"మీ నాయిన పదేండ్ల సంది తాగంది గిదేరా" అన్నాడు.